గజ్జి అనకూడని ఇల్లు

అక్క పోయాక చేసే పెద్దదినం నాడు ఉదయం ఆరూ పదికి ఆమె పెంచుకున్న గినీపంది గోక్కుంది. టైము ఇంత కచ్చితంగా గుర్తుండడంలో నా గొప్ప ఏమీ లేదు. ఆరుకల్లా వస్తానన్న అయ్యవారు ఇంకా రాలేదు. ఇంటినిండా ఉన్న బంధువులు కాఫీ గ్లాసులు పట్టుకుని గోడ గడియారం వైపే చూస్తున్నారు. ఏం మాట్లాడాలో తెలియనివాళ్లు చూడడానికి గడియారం మంచి వస్తువు. నేనూ దాన్నే చూస్తున్నాను. అప్పుడు వంటింటి పక్క వరండాలో ఉన్న చెక్క గూటిలోంచి బరబరా శబ్దం వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది.

గినీపంది పంది కాదు. తోక లేని, రెండు అరచేతుల్లో పట్టే జంతువు. గడ్డి తింటుంది, ఆకు తింటుంది, ఆకలేస్తే ఈల వేసినట్టు అరుస్తుంది. అక్కకు అలాంటివి రెండు ఉండేవి, రెండూ ఆడవే. ఒకటి తెల్లది, ఒకటి రాగి రంగుది. అక్క పెనుకొండలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పేది. కొండ మీది కోట కనిపించే మేడమీది అద్దె ఇంట్లో ఒక్కతే ఉండేది. ఒకసారి నన్ను చూడడానికి హిందూపురం వచ్చి, చేపలూ చిలకలూ అమ్మే అంగట్లో వీటిని చూసి కొనుక్కుపోయింది. ఎందుకే ఇవి అంటే, "ఇవి మార్కులు వెయ్యమని అడగవు, పెళ్లెందుకు చేసుకోలేదనీ అడగవు. కొత్తిమీర వేస్తే చాలు," అంది.

జ్వరమని ఆసుపత్రికి పోయిన మనిషి తిరిగి రాలేదు. అక్కడ తెలివిలో ఉండి మాట్లాడిన చివరి సాయంత్రం ఆమె నన్ను అడిగింది ఒకటే. "వాటికి కొత్తిమీర వేసినారా?" ఓనరమ్మ వేస్తోందని చెప్పాను. సరే అని కళ్లు మూసుకుంది.

ఈ మాట బంధువులకు నచ్చలేదు. పోయే మనిషి కొత్తిమీర గురించి మాట్లాడడం పదిమందిలో చెప్పుకోవడానికి బాగుండదు. రెండు మూడు రోజుల్లో ఆ మాట "పిల్లల్ని బాగా చూసుకోండి" అని మారింది. పిల్లలంటే స్కూలు పిల్లలన్నమాట. పెద్దదినం నాటికి అందులో దేవుడు కూడా చేరాడు. విన్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నా సాక్ష్యం ఎవరికీ అవసరం పడలేదు. మా అమ్మానాయనా ఎప్పుడో పోయారు. ఇంట్లో పెద్ద ఇప్పుడు ధర్మవరంలో ఉండే మా చిన్నమ్మ, అమ్మకు చెల్లెలు. ఏ మాట ఎలా గుర్తుపెట్టుకోవాలో ఆమే నిర్ణయిస్తుంది.

నాకు మాత్రం ఆ కొత్తిమీర మాటే మిగిలింది. దానిలో చేయగలిగిన పని ఒకటుంది. ఆ రెండు జంతువుల్ని బతికించుకోవడం. మిగతావన్నీ అయ్యవారు చూసుకుంటారు.

అదీ సరిగ్గా జరగలేదు. ఓనరమ్మ మంచిది. ఆసుపత్రి రోజుల్లో తాను తిన్నదే వాటికీ పెట్టింది, అంటే అన్నం. తర్వాత దినాలకు ఆ ఇంటికే పలకరించడానికి వచ్చినవాళ్లు ఎవరి చేతిలో ఉన్నది వాళ్లు గూట్లో వేశారు. చిత్రాన్నం, బూందీ, బిస్కెట్లు. ఇంటికొచ్చిన ఇంతమందిలో ఒక్కరికీ గడ్డి తినే జంతువుకు గడ్డి వేద్దామన్న ఆలోచన రాకపోవడం మా వంశం ప్రత్యేకత. నేను గుర్తొచ్చినప్పుడు కాలవ గట్టునుంచి గరిక పీకి తెచ్చాను. అవి బక్కచిక్కాయి. తర్వాత వెంట్రుకలు రాలడం మొదలైంది. మొదట తెల్లదానికి వీపు మీద, భుజాల దగ్గర. కిందినుంచి తేలిన చర్మం మందంగా, పసుపచ్చటి పొక్కులు కట్టి ఉంది. తలలో చుండ్రులాగా పొట్టు రాలేది. ఎంత గోక్కునేదంటే కొన్నిచోట్ల రక్తం వచ్చేది.

దీన్ని మొదట చూసింది చిన్నమ్మే. చూసి, గుమ్మంలో నిలబడిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చూడండ్రా, చూడండి. మనమంతా కడుపునిండా తింటాండాం. నోరులేని జీవం, అది గుండు చేయించుకుంటాండాది."

అందరూ వచ్చి చూశారు. మా చిన్నాయన, అంటే చిన్నమ్మ భర్త, క్రితం వారమే అక్క కోసం గుండు చేయించుకున్నాడు. తన తల ఒకసారి తడుముకుని, ఆ జంతువు వైపు చూసి, "నాకన్నా నున్నగా వచ్చినాది," అన్నాడు.

"చిన్నమ్మా, అది గజ్జి," అన్నాను.

"ఛీ, ఏం మాటే అది! దినాలు జరిగే ఇంట్లో గజ్జి అంటావా?"

"గొర్రెలకు వచ్చినట్టే వీటికీ వస్తుంది. మందు వేయాలి."

"మందు వేస్తే ఏమైతాది? పురుగులు చస్తాయి కదా? పెద్దదినం అయ్యేదాకా ఇంట్లో ప్రాణిని చంపకూడదు. పేనును గూడా చంపకూడదు."

ఈ నియమం ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. చిన్నమ్మకూ తెలియదు. ఆ నిమిషంలోనే పుట్టింది కాబట్టి వేరే ఎవరికీ తెలిసే అవకాశం లేదు. కానీ అందరూ తలలూపారు. దుఃఖమైతే గౌరవం, గజ్జి అయితే అప్రతిష్ఠ. ఒకే పొక్కుకు రెండు పేర్లు అందుబాటులో ఉన్నప్పుడు మా వాళ్లు ఏది ఎంచుకుంటారో చెప్పనక్కరలేదు. ఆ రోజునుంచి పలకరింపుకు వచ్చినవాళ్లు ముందు అక్క ఫోటోకు దండం పెట్టి, తర్వాత వరండాలోకి వెళ్లి గూటికి దండం పెట్టేవాళ్లు. ఒకావిడ గూటి ముందు అగరొత్తులు వెలిగించింది. పొగకు రెండూ తుమ్మాయి. దానికి కూడా ఏదో అర్థం చెప్పారు.

అప్పటికే నా ముంజేతుల మీద ఎర్రటి పొక్కులు లేచాయి. గూడు శుభ్రం చేసినప్పుడల్లా దురద. నేను గోక్కుంటుంటే ఎదురింటావిడ నా చెయ్యి పట్టుకుని, "ఏడ్చెయ్ తల్లీ, లోపల పెట్టుకోవద్దు, ఒంట్లోంచి ఇట్ల బయటికొస్తాది," అంది. ఆవిడ చెయ్యి విడిపించుకుని, సబ్బుతో కడుక్కోమని చెప్పాను. నేను రాతిగుండె దాన్నని ఊళ్లో పేరు రావడానికి ఇలాంటివి రెండు మూడు చాలు.

పెద్దదినం సంగతికి వస్తాను. అయ్యవారు ఏడు దాటాక వచ్చారు. మంత్రాలయ్యాక ఇంటి పైన మిద్దె మీద ఆకులో అన్నం పెట్టి, దర్భలు పరిచి, కాకి కోసం చూశాం. మా వైపు దీన్ని పిట్టకు పెట్టడం అంటారు. కాకి వచ్చి ముడితే పోయిన మనిషికి కోరికలేవీ మిగల్లేదని. కాకి రాలేదు. రోజూ పొద్దున్నే పిట్టగోడ మీద పది కాకులు అరిచే ఇల్లు అది. ఆ రోజు ఎక్కడ పనిపడిందో ఒక్కటీ లేదు. చిన్నాయన కావుకావుమని పిలిచాడు. ఆయన గొంతుకు ఊళ్లో ఉన్న కాకులు కూడా పోయుంటాయి.

"దానికి ఏమో కోరిక మిగిలిపోయినాది," అని ఎవరో అన్నారు.

"గినీపందులు గుర్తొచ్చుంటాయి," అన్నాను నేను, నిజంగానే.

చెప్పకుండా ఉండాల్సింది. చిన్నమ్మ చటుక్కున కిందికి దిగి, తెల్లదాన్ని ఒళ్లో పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఎండలో, ఇంతమంది మధ్య, ఆకు ముందు దించింది. అది అన్నం వైపు చూడలేదు. ఎన్నాళ్లకో కంటికి గడ్డిలాంటిది కనిపించింది కాబట్టి దర్భలు పట్టుకుని కరకరా నమిలింది.

"ముట్టింది! చూసినారా, ముట్టింది!"

అయ్యవారు కళ్లజోడు సర్దుకున్నారు. "దర్భలు తినిందమ్మా. అన్నం ముడితేనే లెక్క."

"దర్భ గూడా ఆకులోదే కదా స్వామీ?"

"దర్భ మా సామాను. ఇంకా పని ఉంది దాంతో."

ఈ చర్చ ఎటు పోయేదో తెలియదు. ఆ జంతువు ఒక్కసారిగా వీపు గోక్కోబోయి పక్కకు పడింది. కాళ్లు కొట్టుకున్నాయి, మెడ వెనక్కి వాలింది. మూర్ఛ. ఈ గజ్జి ముదిరితే దురద భరించలేక వీటికి మూర్ఛ వస్తుందని, అలా వస్తే ఎక్కువ రోజులు బతకవని తర్వాత డాక్టరు చెప్పింది. ఆ సమయంలో మిద్దె మీద ఉన్నవాళ్లలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. అందరికీ వేరే సంగతి తెలిసిపోయింది.

"మీదికొచ్చినాది! కర్పూరం తేండి!"

చిన్నమ్మ దాని ముందు మోకాళ్ల మీద కూచుని, "ఏం కావాల తల్లీ? చెప్పు తల్లీ, ఏం కావాల?" అని అడుగుతోంది. వెనకనుంచి చిన్నాయన మెల్లగా, "గ్యాస్ బుక్కు యాడ పెట్టినావో గూడా అడుగు," అన్నాడు. పాపం ఆయనకు అది ముఖ్యమే. ఇల్లు ఖాళీ చేసి సామాను అప్పగించే పని ఆయన మీదే పడింది.

నేను తువ్వాలు తెచ్చి, దాన్ని చుట్టి, నీడలోకి తీసుకెళ్లాను. కర్పూరం ఆర్పమన్నాను. ఎవరూ ఆర్పలేదు. కాసేపటికి అది తేరుకుంది. దాని గుండె మాత్రం నా అరచేతిలో చాలాసేపు దడదడా కొట్టుకుంది. ఆ సాయంత్రమే రెండింటినీ గంపలో పెట్టుకుని హిందూపురం బస్సెక్కాను. పెద్దదినం అయిపోయింది కాబట్టి చిన్నమ్మ నియమం ప్రకారం ఇక పేన్లను కూడా చంపవచ్చు.

కండక్టరు గంపలోకి తొంగిచూశాడు. "ఏమ్మా ఇవి, ఎలుకలా? కుందేళ్లా?"

"గినీపందులు."

"పందులా? పందులకు బస్సులో లేదమ్మా."

"అయితే కుందేళ్లే."

"అట్ల చెప్పు," అని టికెట్టు కొట్టాడు.

హిందూపురంలో నా ఇంట్లో మొదట చేసిన పని, వాటిని నల్లగుడ్డ మీద పెట్టి కిటికీ ఎండలో వెంట్రుకలు విడదీసి చూడడం. వీటికి వచ్చే పురుగులు ముఖ్యంగా రెండు రకాలని చదివాను. పేన్లయితే వెంట్రుకల మధ్య పాకుతూ కంటికి కనిపిస్తాయి, సన్నటి నూకలకు కాళ్లొచ్చినట్టు. చర్మం లోపల సొరంగాలు తవ్వుకుని బతికే గజ్జిపురుగు కనిపించదు. అది చేసిన పని మాత్రమే కనిపిస్తుంది. ఎంత వెతికినా పాకేది ఏదీ దొరకలేదు. దొరక్కపోతే సంతోషించాలనుకుంటాం, ఇక్కడ మాత్రం దొరికితేనే నయం. రాగిదాన్ని కూడా చూశాను. పైకి బాగానే ఉంది. తొడల లోపల మాత్రం వెంట్రుకలు పలచబడ్డాయి.

వీటిని అక్కకు అమ్మిన అంగడికి వెళ్లాను. ఆయన ఒక డబ్బా తీసి చేతిలో పెట్టాడు. కుక్కల గోమార్లకు చల్లే పౌడరు.

"ఇది గినీపందులకు వేయవచ్చా?"

"కుక్కకే ఏం కాదు మేడం, దీనికేమవుతుంది?"

"కుక్క ఇరవై కిలోలుంటుంది."

"అయితే కొంచెం తక్కువ చల్లండి."

డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఏ జంతువుకు వాడకూడదో రాసి ఉంది. అక్షరాలు చిన్నవైనా తెలిసిన అక్షరాలే. ఆయనకు చూపించాను. "అవన్నీ రాస్తుంటారు మేడం," అన్నాడు. చిన్నాయన ఫోన్లో వేపనూనె, ఆముదం, కిరసనాయిలు, ఈ మూడూ కలిపి రుద్దమని చెప్పాడు. ఆయన చిన్నప్పుడు గొర్రెలకు అలాగే చేసేవాళ్లట. ఆ గొర్రెలు ఏమయ్యాయని అడిగాను. కొన్ని బతికాయన్నాడు. మా ఊళ్లో నాకు తెలిసిన కుక్కల డాక్టరు, ఎలుకల్లాంటివి చూడనన్నాడు. మా కాలేజీలో తోటి లెక్చరర్లు నా చేతుల మీద గీరుకున్న గుర్తులు చూసి, సెలవు పెట్టి ఎక్కడికైనా తీర్థయాత్రకు వెళ్లిరమ్మన్నారు.

చివరికి దారి చూపింది చిన్నమ్మే. "మా ఈడ పశువుల డాక్టరమ్మ ఒకామె ఉండాది. గొర్రెలకు బాగా చూస్తాది. తీసుకురా. అక్కను అట్లే వదిలేస్తావా ఏమే?" అంది. అక్క అంటే ఇక్కడ తెల్ల గినీపంది. నేను సరిదిద్దలేదు. ధర్మవరం రైలెక్కాను.

ఆసుపత్రి దగ్గర గొర్రెల మంద ఒకటి మాకన్నా ముందుంది. కాపరి గంపలోకి వంగి చూసి తన భార్యను పిలిచాడు. "ఇట్ల రామ్మే, కుందేలుకు చెవులు కోసేసినారు."

"ఎవురు కోసినారు?"

"టౌనోళ్లు. వాళ్లకేం పని?"

డాక్టరమ్మ నవ్వకుండా చూసింది. బ్లేడుతో పొక్కు అంచున గీకింది, కొంచెం లోతుగానే, గాజుపలక మీద పెట్టింది, మైక్రోస్కోపులో చాలాసేపు వెతికింది. తర్వాత నన్ను చూడమంది. గుండ్రటి ఒళ్లు, పొట్టి కాళ్లు, మెల్లగా కదులుతున్నది ఒకటి. మా బంధువులు ఇన్నాళ్లూ దండం పెట్టినది దీనికి. అంత చిన్నదానికి అంత గౌరవం దక్కడం మా ఇంట్లో ఇదే మొదటిసారి.

"ఇది మనుషుల మీద కాపురం పెట్టదు, కానీ దురద పెడుతుంది," అంది నా చేతులు చూసి. "వీటికి తగ్గితే మీకూ తగ్గుతుంది. తగ్గకపోతే చర్మం డాక్టరుకు చూపించండి. ఎక్కడినుంచి పట్టుకున్నాయి? కొత్త గినీపందిని ఏమన్నా తెచ్చారా?"

"లేదు. ఈ రెండే, మొదటినుంచీ."

"అయితే కొన్ననాటినుంచే ఒంట్లో ఉండుంటాయి. జంతువు బాగా తిని బాగా ఉన్నన్నాళ్లూ అణిగి ఉంటాయి. ఈమధ్య మీ ఇంట్లో ఏమన్నా మారిందా? చోటు మారడం, తిండి మారడం, చూసుకునే మనిషి మారడం?"

చిన్నమ్మ పక్కనే నిలబడి నా వైపు చూస్తోంది. ఆమె ముఖంలో గెలిచిన భావం చాలా స్పష్టంగా ఉంది.

"చూసుకునే మనిషి పోయింది," అన్నాను.

"అదే," అంది డాక్టరమ్మ, పలక కడుగుతూ. "దిగులుతో తిండి తగ్గుతుంది, ఒంట్లో శక్తి తగ్గుతుంది, పురుగు పైకి వస్తుంది."

బయటికి వచ్చాక చిన్నమ్మ ఏమీ అనకుండా రెండడుగులు నడిచింది. అంతకన్నా ఎక్కువ ఆమెకు సాధ్యం కాదు. "నేను చెప్పలా?" అంది. చెప్పింది. బూందీ సంగతి మాత్రం చెప్పలేదు.

మందు గొర్రెల గజ్జికి వాడేదే, ఐవర్‌మెక్టిన్. కానీ గొర్రెకు వేసే కొలత దీనికి వేస్తే చచ్చిపోతుంది. బరువును బట్టి, చుక్కలో భాగం లెక్కన వేయాలి. బరువు గ్రాముల్లో కావాలంది డాక్టరమ్మ. అక్కడున్న తూకం గొర్రెలది. దాని మీద తెల్లదాన్ని పెడితే ముల్లు కదలనే లేదు. "ఇంటికెళ్లి సరిగ్గా తూచుకుని రండి. ఉరామరిగా చెప్పొద్దు," అంది.

ధర్మవరంలో గ్రాముల లెక్కకు కొరత లేదు. చిన్నాయనది మగ్గం పని. షావుకారు పట్టు దారం తూచి ఇస్తాడు, చీర అయ్యాక మళ్లీ తూచి తీసుకుంటాడు. మధ్యలో తేడా వస్తే మాట వస్తుంది. అందుకని ఇంట్లో ఒక ఎలక్ట్రానిక్ త్రాసు ఉంది. దానికి పసుపు కుంకుమ పెట్టి, గుడ్డ కప్పి ఉంచుతారు. నేను గంప దించి విషయం చెప్పగానే చిన్నాయన మగ్గం గుంతలోంచి లేచి త్రాసుకు అడ్డంగా నిలబడ్డాడు.

"పట్టు తూచే దాంట్లో గజ్జి ఎలుకను పెడతావా? బుద్ధుండాదా?"

"కింద గుడ్డ వేస్తాను చిన్నాయనా."

"దాని వెంట్రుక ఒకటి దారానికి తగులుకుంటే చీర తిరిగొస్తాది. అప్పుడు షావుకారుతో నువ్వు మాట్లాడతావా?"

ఆయన చెప్పింది న్యాయమే. నేను సందు చివర కిరాణా అంగడికి పోదామని గంప ఎత్తాను. అప్పుడు చిన్నమ్మ అడ్డం వచ్చింది.

"యాడికి? కూరగాయలతో పాటు తూస్తారా దాన్ని? మన పిల్ల అది. మనింట్లో తూకం ఉండి బయట తూయించాలనా?"

"మన పిల్లకు గజ్జి యాట్నుంచి వచ్చినాదే?" అన్నాడు చిన్నాయన.

"నీకు రాలేదా, పెళ్లైన కొత్తల్లో? నేను వదిలేసినానా?"

చిన్నాయన పక్కకు జరిగాడు. దారాల పెట్టెలన్నీ లోపలి గదిలో పెట్టి తలుపు వేశాడు. త్రాసును వాకిట్లోకి మోసుకొచ్చాడు. గుడ్డ పరిచి, దాని మీద వెదురు బుట్ట పెట్టి, త్రాసులో సున్నా తెప్పించాడు. తెల్లదాన్ని బుట్టలో వేస్తే అది తిరుగుతూనే ఉంది, అంకెలు ఎగురుతూనే ఉన్నాయి. చిన్నమ్మ కొత్తిమీర కట్ట తెచ్చి ముందు పెట్టింది. నేను అడగలేదు. అది తినడానికి ఆగింది. చిన్నాయన వంగి, దారం తూచేటప్పుడు ఎలా ఊపిరి బిగబడతాడో అలా బిగబట్టి చదివాడు. ఆరువందల గ్రాములకు కొంచెం పైన. అక్క ఉన్నప్పుడు కిలోకు దగ్గర ఉండేది. ఆయన రెండోసారి తూచాడు. రాగిదాన్ని కూడా రెండుసార్లు తూచాడు. అంత జాగ్రత్తగా ఏదైనా చేస్తే మనిషికి కొంచెం ప్రేమ పుడుతుందేమో, గంపలోకి తిరిగి వేసేటప్పుడు, "తగ్గిపోయినాదే పాపం," అన్నాడు. తర్వాత త్రాసును డెట్టాలుతో కడిగి మళ్లీ పసుపు పెట్టాడు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ మందును పలచబరచి, ఇన్సులిన్ సిరంజితో రెండింటికీ వేసింది. పైకి బాగున్నదానికి కూడా వేయాలి, లేకపోతే దానినుంచి దీనికి మళ్లీ వస్తుంది. మందు పురుగును చంపుతుంది గాని గుడ్లను చంపదు. అందుకని అవి పగిలి పిల్లలు బయటికొచ్చాక మళ్లీ ఒకసారి, ఆ తర్వాత ఇంకోసారి. గూడు వేడినీళ్లతో కడిగి ఎండబెట్టాలి, కింద పరిచే కాగితాలు రోజూ మార్చాలి. కుక్కల సబ్బుతో స్నానాలు వద్దు. గోళ్లు కత్తిరించాలి. జామకాయ, కొత్తిమీర, పచ్చి ఆకు బాగా పెట్టాలి. మా వైపు పట్టుపురుగులకు వేసే మల్బరీ ఆకు పెట్టవచ్చా అని అడిగాను. మందు కొట్టని ఆకైతే పెట్టమంది. పట్టుపురుగులు పెంచేవాళ్లు ఆకుకు మందు కొట్టరు.

"నాకు గూడా ఒక సూది వెయ్యమ్మా," అంది చిన్నమ్మ, పొట్ట దగ్గర చీర పక్కకు జరిపి. తెల్లదాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చినచోటంతా ఎర్రగా లేచింది. "దుఃఖం ఒంట్లో దిగినాది."

"గజ్జి పురుగండీ," అంది డాక్టరమ్మ.

వయసులో చిన్నదని చిన్నమ్మ ఆమెను వదిలేసింది.

ఆ రోజునుంచి చిన్నమ్మ సాయంత్రం పూట ఫోన్ చేయడం మొదలుపెట్టింది. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "వెంట్రుకలు వచ్చినాయా?" రాలేదని చెప్పేదాన్ని. గోక్కోవడం తగ్గిందని, మూర్ఛ మళ్లీ రాలేదని, తింటున్నాయని చెప్పేదాన్ని. నా వైపునుంచి అంతే. ఆమె పెట్టేయదు. అక్కడినుంచి అక్క మీదికి పోతుంది. నేను బీరకాయ తరుగుతూనో, పేపర్లు దిద్దుతూనో వినేదాన్ని. పెనుకొండలో పదిమందిలో చెప్పినట్టు కాదు ఇవి. ఫోన్లో ఆమె దేవుణ్ణి కలపదు. వేసవి సెలవుల్లో అక్క మగ్గం గుంతలో దాక్కుని లెక్కల పుస్తకం చదివేదట. చిన్నాయన కాళ్లు ఆడించడానికి దిగితే ఈమె తల తగిలేదట. ఒకసారి పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయి ఏం చదివావని అడిగితే, అక్క ఒక లెక్క ఇచ్చి చేయమందట. అతను చేశాడు, తప్పు చేశాడు. వాళ్ల నాయన సరిచేయబోయి ఆయనా తప్పు చేశాడు. "ఇంక మేము కారాబూందీ ఇచ్చి పంపించేస్తిమి," అంది చిన్నమ్మ. ఇద్దరం నవ్వాం. ఈ సంగతి అక్క నాకెప్పుడూ చెప్పలేదు. నాకన్నా ఆరేళ్లు పెద్దది, చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయనుకుని ఉంటుంది.

రెండో మోతాదు తర్వాత పొక్కులు ఎండి రాలిపోయాయి. లోపలినుంచి నూగు మొదలైంది. మూడోదానికి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లినప్పుడు మళ్లీ గీకి చూసింది, ఏమీ కనిపించలేదు. కొన్ని వారాలకు తెల్లది మళ్లీ తెల్లగా నిండింది, రాగిది బుట్టలో పట్టనంత అయింది. నా చేతులు బాగయ్యాయి. కాలేజీలో, "తేరుకున్నారు మేడం," అన్నారు.

చిన్నమ్మ అడిగేది. "వెంట్రుకలు వచ్చినాయా?"

"వీపు మీద వచ్చాయి. మెడ దగ్గర ఇంకా రాలేదు."

మెడ దగ్గర అన్నిటికన్నా ముందు వచ్చాయి. అయినా ఫోన్లో మాత్రం ఆ మెడ చాలా రోజులు బోడిగానే ఉండిపోయింది. కొత్తిమీర మాటను మార్చినందుకు మా బంధువుల్ని ఎన్ని అన్నానో నాకు గుర్తుంది. మెడ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు కాబట్టి వాళ్లు నన్నేమీ అనలేదు.

తర్వాత ఒక నిశ్చితార్థానికని చిన్నమ్మ, చిన్నాయన హిందూపురం వచ్చారు. చెప్పకుండా నేరుగా ఇంటికి వచ్చారు. చిన్నమ్మ చెప్పులు విప్పి, నన్ను దాటుకుని గూటి దగ్గరికి వెళ్లి, తెల్లదాన్ని ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. వీపు నిమిరింది. తర్వాత మెడ నిమిరింది. ముందూ వెనకా వేళ్లు పెట్టి చూసింది.

"మెడ దగ్గర రాలేదంటివే?"

"వచ్చాయి."

"ఎప్పుడొచ్చినాయి?"

"ఈమధ్యే."

నా వైపు కాసేపు చూసింది. చిన్నాయన గూట్లోకి తొంగిచూసి, "బాగా బరువొచ్చినాయి. త్రాసు తెచ్చుంటే చూద్దుము," అన్నాడు. కాఫీ తాగారు. చిన్నమ్మ తెల్లదాన్ని తిరిగి గూట్లో వేసి, చీర మీది వెంట్రుకలు దులుపుకుంది.

"పోనీలే," అంది. "దానికి దుఃఖం తీరినాది. ఇంక బాగుంటాదిలే."

వాళ్లను బస్టాండులో ఎక్కించి వచ్చాను. ఆ వారం తెల్లది మల్బరీ ఆకు తింటున్న ఫోటో ఒకటి పంపాను. రెండు చేతులు జోడించిన బొమ్మ తిరిగి వచ్చింది. ఇంకోసారి నేనే ఫోన్ చేశాను. ఎవరో షావుకారు చీర త్వరగా కావాలన్నాడని వాళ్లు తొందరలో ఉన్నారు. అక్క మాట ఎలా ఎత్తాలో నాకు తెలియలేదు. వాటికేమైనా అయిందా అని చిన్నమ్మ అడిగింది, ఏమీ కాలేదని చెప్పాను. మరి బాగుండాయి కదా అంది.

జంతువులు రెండూ బాగున్నాయి. చిన్నమ్మ ఇప్పుడు సాయంత్రాలు ఫోన్ చేయడం లేదు.